పలుపు నుంచి గాజుపోగు దాకా: కేబుల్ మీద ఒక ప్రసంగం

(రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? వినిపిస్తోందా అండీ? సరే. ఇది వైర్‌లెస్ మైకు అన్నారు. నా చేతిలో ఉన్నదానికి వైరు లేదు, నిజమే. కానీ ఆ మూల పెట్టె ఉంది చూశారా, ఒకసారి దాని వెనక్కి తొంగి చూడండి. ఎన్ని వైర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ పెట్టె వెనకే ఉంది.

నా పని కేబుళ్లు అతకడం. ముప్పై ఏళ్లకు పైగా గుంతల్లో కూర్చుని అదే చేశాను. మాటలతో బతికినవాణ్ణి కాదు. కానీ 'కేబుల్ అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో చెప్పండి' అని అడిగేసరికి సరదా పుట్టింది. ఎందుకంటే ఈ మాటలో ఒక తమాషా ఉంది. కొన్నిచోట్ల కేబుల్ పోయింది, పేరు మిగిలింది. కొన్నిచోట్ల కేబుల్ ఉంది, పేరు పోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ముందు మాట సంగతి. ఇంగ్లీషుకి ఇది ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో 'కాపులుమ్' అంటే పశువుల్ని కట్టే తాడు. దానికి మనకి ఒక చక్కటి మాటుంది, ఏమిటది? ఆఁ, పలుపు! ముందు వరసలో పెద్దాయన చెప్పేశారు. పలుపే. పట్టుకోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది ఆ మాట. అంటే కేబుల్ మొదటి ఉద్యోగం పట్టి ఉంచడం. కరెంటు లేదు, కబురు లేదు. ఆవు పారిపోకూడదు, అంతే.

ఆవు తర్వాత ఓడ. ఓడ కూడా పారిపోయేదే కదా. లంగరుకు కట్టే లావుపాటి మోకును కేబుల్ అన్నారు. దాన్ని పేనడంలో ఒక ఒడుపు ఉంది. మూడు పేటలు కలిపి ఒక తాడు పేనుతారు. అలాంటి తాళ్లు మూడు తీసుకుని, వాటిని ఎదురు పురిలో మళ్లీ పేనుతారు. తాళ్ల పురి ఒకవైపు, మోకు పురి దానికి వ్యతిరేకంగా. ఒకటి విడిపోదామని చూస్తే రెండోది బిగుస్తుంది. ఒకదాని పారిపోయే గుణాన్ని ఇంకోదానికి కాపలా పెట్టారన్నమాట. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి. తర్వాత టెలిఫోన్ వైర్ల దగ్గర మళ్లీ చెబుతాను.

పందొమ్మిదో శతాబ్దంలో మోకులు పోయి ఇనుప గొలుసులు వచ్చాయి. గొలుసులో పురి ఏది? పేట ఏది? ఏమీ లేదు. అయినా నావికులు దాన్ని ఇప్పటికీ లంగరు కేబుల్ అనే అంటారు. ఇది మొదటి తమాషా. సముద్రం మీద కేబుల్ అనేది ఒక దూరం కూడా. నాటికల్ మైలులో పదో వంతు, అంటే దాదాపు 185 మీటర్లు. ఓడ మోకు పొడుగు నుంచి వచ్చిన లెక్క అది. 'తీరం రెండు కేబుళ్ల దూరంలో ఉంది' అంటే అక్కడ కేబుల్ ఉండక్కర్లేదు.

ఇప్పుడు గనిలోకి దిగుదాం. జర్మనీలో హార్ట్స్ కొండల్లో గనులు. లోపలి నుంచి ఖనిజాన్ని గొలుసులతో పైకి లాగేవారు. గొలుసుతో చిక్కేమిటి? ఒక్క లంకె తెగితే చాలు, మొత్తం కిందికి పోతుంది. పైగా ముందుగా చెప్పదు. నిన్నటిదాకా బాగానే ఉంటుంది, ఇవాళ టప్పున తెగుతుంది. విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి 1834లో ఇనుప తీగలతో తాడు పేనించాడు. మూడు పేటలు, పేటకు నాలుగు తీగలు. మొత్తం పన్నెండు తీగలు, అంతే.

ఇందులో ఏముంది గొప్ప? ఇక్కడ గడ్డిపోచలు, ఏనుగు, ఐకమత్యం అని ఎవరో ఒకరు అంటారని నాకు తెలుసు. నేను ఐకమత్యం మీద ఉపన్యాసం ఇవ్వడానికి రాలేదు. విషయం అది కాదు. ఒక తీగ తెగితే దాని బరువు పక్క తీగలు అందుకుంటాయి. అంతేకాదు, కాస్త దూరం పోయాక రాపిడి వల్ల ఆ తెగిన తీగే మళ్లీ పట్టు దొరకబుచ్చుకుని బరువు మోస్తుంది. పైగా తెగిన తీగ కొస ముల్లులా బయటికి పొడుచుకొస్తుంది, తనిఖీ చేసేవాడి కంటపడుతుంది. అంటే చచ్చేముందు చెప్పి చస్తుంది. గొలుసు చెప్పదు. వంగడం కూడా చూడండి. లావు కడ్డీని కప్పీ మీద వంచితే బయటి వైపు సాగిపోయి పగులుతుంది. సన్న తీగకు అంత బాధ ఉండదు. ఎంత సన్నమైతే అంత హాయిగా వంగుతుంది.

న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన ఉంది, 1883లో తెరిచారు. దాన్ని మోసేవి నాలుగు పెద్ద కేబుళ్లు. ఒక్కో దాంట్లో ఐదు వేలకు పైగా ఉక్కు తీగలున్నాయి. కట్టే రోజుల్లో తీగలు సరఫరా చేసిన కాంట్రాక్టరు మోసం చేశాడు. తనిఖీలో మంచి తీగ చూపించడం, వంతెన దగ్గరికి వచ్చేలోపు దారిలో దాన్ని మార్చేసి నాసి తీగ పంపడం. బయటపడేసరికి కొంత నాసి తీగ అప్పటికే పైకెక్కిపోయింది. దించడానికి వీల్లేదు. ఏం చేశారు? ఒక్కో కేబుల్‌కి 150 మంచి తీగలు అదనంగా చేర్చారు. ఆ నాసి తీగలు ఇప్పటికీ అందులోనే ఉన్నాయి, వంతెనా నిలబడే ఉంది. గొలుసుతో కట్టి ఉంటే ఇలా సర్దుకోగలిగేవారా?

లాగే కేబుళ్లు ఇంకా చాలా ఉన్నాయి. లిఫ్టును మోసేవి అవే. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1873 నుంచి నడుస్తున్న కేబుల్ కార్లు ఉన్నాయి. రోడ్డు కింద కేబుల్ ఆగకుండా పరిగెడుతూ ఉంటుంది, గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో. బండి దాన్ని పట్టుకుంటే కదులుతుంది, వదిలి బ్రేకు వేస్తే ఆగుతుంది. బండికి ఇంజనే లేదు. నాకైతే వీటన్నిటికంటే గొప్పది సైకిల్ బ్రేకు వైరు. ఒక ముక్క తెచ్చాను, ఇలా అందుకోండి, పక్కవాళ్లకి ఇవ్వండి.

చూస్తున్నారా? లోపల తీగ, బయట గొట్టం. గొట్టాన్ని కాస్త చీరి పెట్టాను చూడండి, ప్లాస్టిక్ కింద ఉక్కు తీగ స్ప్రింగులాగా ఒత్తుగా చుట్టి ఉంది. తాడుతో లాగాలంటే తిన్నగా ఉండాలి కదా? ఇది మెలికలు తిరిగినా ఎలా లాగుతోంది? లోపలి తీగను ఎంత గట్టిగా లాగుతామో, బయటి గొట్టం అంత గట్టిగానూ ఎదురు నెడుతుంది. తీగ లాగుతుంది, గొట్టం నెడుతుంది. ఆ నెట్టడం లేకపోతే తీగ తిన్నగా అయిపోయి హ్యాండిల్‌ని పీక్కుపోయేది. చాలామంది గొట్టం తీగకు తొడుగు మాత్రమే అనుకుంటారు. సగం పని దానిదే.

సరే, పట్టుకోవడం అయింది, లాగడం అయింది. ఇక కబురు. 1850లో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో తీగ వేశారు. మర్నాటికే చేపల పడవకు తగిలి తెగిపోయింది. సముద్రపు తీగలను ఎక్కువగా తెంపుతున్నది ఇప్పటికీ చేపల వలలు, ఓడల లంగర్లే. షార్కులు కొరుకుతాయని అందరూ వీడియోలు చూసి అడుగుతారు. పాపం షార్కులు! వాటి వాటా లెక్కలోకి కూడా రాదు. లంగరును పట్టుకోవడానికి పుట్టిన కేబుల్‌కి చివరికి లంగరే శత్రువైంది.

నీళ్లలో తీగ అంటే పైన తొడుగు కావాలి. అప్పటికి ప్లాస్టిక్ లేదు. మలయా అడవుల్లో చెట్ల పాలతో తయారయ్యే గట్టాపర్చా దొరికింది. వేడినీళ్లలో మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. సముద్రం అడుగున చల్లదనానికి ఇంకా బాగా నిలుస్తుంది. 1858లో అట్లాంటిక్ దాటించారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి 98 మాటల సందేశం పంపింది. ఎంతసేపు పట్టిందో చెప్పండి? గంటా? రెండు గంటలా? పదహారు గంటలు! పొడుగాటి కేబుల్ ఒక తొట్టిలాంటిది. ఈ చివర కరెంటు పెడితే ముందు తొట్టి నిండాలి, తర్వాత అటు పొర్లాలి. చుక్క పంపితే అవతల మరకలా తేలేది. కేబుల్ కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే ఆయన, పోవట్లేదా, అయితే గట్టిగా తోద్దాం అని దాదాపు రెండు వేల వోల్టులు పెట్టాడు. అసలే అంతంతమాత్రంగా ఉన్న కేబుల్, కొన్ని వారాలకే చచ్చిపోయింది. విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త మొదటి నుంచీ వేరే చెబుతున్నాడు: గట్టిగా అరవడం కాదు, అవతల చెవిని సున్నితం చేయండి అని. ఆయన పరికరంలో చిన్న అద్దం ఉంటుంది. రవ్వంత కరెంటు వచ్చినా అది తిరుగుతుంది, దాని మీది నుంచి పడే వెలుగుచుక్క గోడ మీద పక్కకు జరుగుతుంది. ఆ చుక్కను చూసి కబురు చదువుకోవాలి.

నా వృత్తివాళ్లకి పండగలాంటి కథ ఆ తర్వాతది. 1865లో గ్రేట్ ఈస్టర్న్ అనే పెద్ద ఓడ ఇంకో కేబుల్ వేస్తూ వెళ్లింది, నడిసముద్రంలో అది తెగి మునిగిపోయింది. మరుసటి ఏడు వచ్చి కొత్త కేబుల్ పూర్తిగా వేశారు, పని జరిగింది. అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. వెనక్కి వెళ్లి, దాదాపు నాలుగు కిలోమీటర్ల లోతులో పడి ఉన్న పాత కేబుల్ కొసను కొక్కెంతో వెతికి పట్టి, పైకి లాగి, అతికి, అవతలి ఒడ్డుకి చేర్చారు. 1866లో! జీపీఎస్ లేదు, కెమెరా లేదు. నేను రోడ్డు పక్క మీటరు లోతులో ఉన్న కేబుల్ దొరక్క ఒక రోజంతా తవ్విన వాణ్ణి. ఆ మనుషులకి చెయ్యెత్తి దణ్ణం పెడతాను.

అప్పట్నుంచి కబురుకే కేబుల్ అని పేరొచ్చింది. 'కేబుల్ ఇచ్చాడు' అంటే తంతి కొట్టాడని, టెలిగ్రాం పంపాడని. మనవాళ్లు కూడా తంతి అన్నారు చూడండి, తంతి అంటే తీగే. తీగ పేరే కబురు పేరైంది. దేశాల మధ్య రాయబార కార్యాలయాలు పంపుకునే ఉత్తరాలను ఈ రోజుకీ డిప్లొమాటిక్ కేబుల్స్ అంటారు. 2010లో వికీలీక్స్ అనే వెబ్‌సైటు బయటపెట్టినవి అవే, సుమారు రెండున్నర లక్షలు. అవి కంప్యూటర్ సందేశాలే, ఎవరూ తంతి కొట్టలేదు. విదేశీ మారకం వ్యాపారుల్ని అడగండి, 'కేబుల్ ఎంతుంది' అంటే పౌండుకి ఎన్ని డాలర్లు అని అర్థం. అట్లాంటిక్ కింద తీగ మీద వచ్చిన రేటు కాబట్టి ఆ పేరు. తంతి పోయింది, పేరు నిలబడింది.

అల్లికలో కూడా కేబుల్ ఉంది, చేతులెత్తండి స్వెట్టర్లు అల్లేవాళ్లు? ముగ్గురు, నలుగురు ఉన్నారు. కొన్ని కుట్లను పక్కన సూది మీద ఆపి, పక్క కుట్లు ముందు అల్లి, తర్వాత ఆపినవి అల్లితే, జడలాగా, పేనిన తాడులాగా వస్తుంది. అదీ కేబులే. బరువు మోయదు, కబురు మోయదు, ఊరికే తాడులా కనబడుతుంది. అందుకే ఆ పేరు.

ఇక టీవీ. 1940ల చివర అమెరికాలో కొండల మధ్య ఊళ్లకు టీవీ బొమ్మ అందేది కాదు. కొండ మీద ఒక పెద్ద యాంటెనా పెట్టి అక్కణ్నుంచి ఇళ్లకు వైరు లాగారు. అదే కేబుల్ టీవీ. ఇప్పుడు 'కేబుల్ పోయింది' అంటే వైరు ఎవరో ఎత్తుకుపోయారని కాదు, బొమ్మ రావట్లేదని.

కరెంటు కేబుల్ గురించి ఎక్కువ చెప్పను, ఒకే ఒక్క మాట, ఇంటికి వెళ్లాక పనికొచ్చేది. చక్రానికి చుట్టి ఉండే ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఉంటుంది కదా. దాన్ని సగం విప్పి, మిగతాది చుట్టలోనే ఉంచి, హీటరు లాంటిది తగిలిస్తారు. చేయకండి. కరెంటు పోయే ప్రతి తీగా కొంచెం వేడెక్కుతుంది. విప్పి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. చుట్టలో ఉంటే లోపలి చుట్ల వేడికి దారి లేదు. తొడుగు కరిగి అతుక్కుపోయిన చుట్టలు నేను చూశాను. పూర్తిగా విప్పండి.

ఇందాక ఎదురు పురి అన్నాను. టెలిఫోన్ వైర్లను జంటలుగా మెలేస్తారు. గ్రాహం బెల్ 1881లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. పక్కన కరెంటు వైరు ఉంటే గీ మని చప్పుడు చేరుతుంది. రెండు వైర్లను మెలేస్తే ఆ చప్పుడు రెండింటికీ సమానంగా అంటుతుంది, అవతల ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే సున్నా. కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ కోసి చూడండి, నాలుగు జంటలుంటాయి. నాలుగింటి మెలికా ఒకేలా ఉండదు, ఒకటి ఒత్తుగా, ఒకటి కాస్త వదులుగా. ఒకేలా మెలేస్తే పక్క జంట మాట ఈ జంటకి వినబడుతుంది. కొలత మార్చి మెలేశారు.

ఇప్పుడు నా సొంత పని, గాజుపోగు, అంటే ఆప్టికల్ ఫైబర్. ఇందులో కబురు వెలుగుగా పోతుంది. పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు పోయేది దాని నడుమ ఉన్న సన్నటి దారిలో, సుమారు తొమ్మిది మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎలా అతుకుతామంటే, ముందు పైపూత ఒలవాలి. స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడవాలి. సరిగ్గా తుడిస్తే కీచుమని చప్పుడొస్తుంది, గాజు శుభ్రమైందని గుర్తు. తర్వాత కొస తిన్నగా విరవాలి. కోయడం కాదు, చిన్న గాటు పెట్టి విరవడం. రెండు కొసలూ మిషన్లో పెడితే తెర మీద రెండు దుంగల్లా కనబడతాయి. మీట నొక్కితే ఒక మెరుపు, రెండూ కరిగి ఒకటవుతాయి. తెర మీద అంకె వస్తుంది, అతుకు దగ్గర ఎంత వెలుగు నష్టమైందని. ఆ నష్టాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 0.02 డెసిబెల్ వస్తే ఆ రోజు మంచి రోజు.

పోగులకు రంగుల వరస ఉంటుంది: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేతనీలి. ఎక్కం లాగా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా ఒక రాత్రి వానలో, టార్చి వెలుగులో, బూడిదనీ తెలుపునీ తారుమారు చేసి అతికేశాను. రెండు ఆఫీసుల ట్రాఫిక్ ఒకదానిది ఒకదానికి పోయింది. తెల్లారేదాకా ఒకటే టెన్షన్. అతుకు చూస్తే బ్రహ్మాండంగా ఉంది, నష్టం సున్నా. తప్పు మనిషికి అతికాను, అంతే. తప్పు పూర్తిగా నాదే, ఎవరి మీదా తోయలేదు.

ఈ పోగుతో కబురు దూరాలు పోతుందని 1966లో చార్లెస్ కావో అనే శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పాడు. అప్పటి గాజు అంత శుభ్రంగా లేదు, గాజును శుభ్రం చేయండి చాలు అన్నాడు. 2009లో నోబెల్ వచ్చింది. 1956లో అట్లాంటిక్ కింద వేసిన మొదటి టెలిఫోన్ కేబుల్ మీద ఒకేసారి 36 ఫోన్ సంభాషణలు. 1988లో మొదటి గాజుపోగు కేబుల్ మీద నలభై వేలు. ఇప్పుడు ఖండాల మధ్య పోయే సమాచారంలో 95 శాతానికి పైగా సముద్రం అడుగునే పోతోంది. లోతు సముద్రంలో ఆ కేబుల్ ఎంత లావుంటుంది? తోటకు నీళ్లు పెట్టే గొట్టమంత. ఒడ్డు దగ్గరే లావు, అక్కడే కదా లంగర్లు.

తెగితే ఓడ వెళ్లి రెండు కొసలూ పైకి లాగుతుంది. కానీ అడుగున పరిచిన కేబుల్‌ని నీటి మీదికి తెస్తే రెండు కొసలు కలుస్తాయా? కలవవు. మధ్యలో కొత్త ముక్క వేయాలి. అందుకే బాగుచేసిన ప్రతిసారీ కేబుల్ కాస్త పొడుగవుతుంది. 2022 జనవరిలో టోంగా దీవుల దగ్గర అగ్నిపర్వతం పేలి కేబుల్ తెగిపోయింది. దేశం మొత్తానికి బయటికి పోయేది ఆ ఒక్కటే. బాగయ్యేసరికి ఐదు వారాలు.

మనం దీన్ని ఏమని పిలుస్తున్నాం? క్లౌడ్. మబ్బు! ఫోటో మబ్బులో ఉంది అంటాం. ఫోను నుంచి టవరు దాకానో, గోడ మీది రూటరు దాకానో గాలిలో పోతుంది. అక్కణ్నుంచి అంతా మట్టిలో, నీళ్లలో. ఇందాక చెప్పానే, కేబుల్ ఉంది, పేరు పోయింది అని. ఇదే అది.

ఆఁ, ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది. శాటిలైట్లు వస్తే కేబుళ్లు పోతాయా? మంచి ప్రశ్న. 36 వేల కిలోమీటర్ల పైనున్న శాటిలైట్‌కి వెళ్లి రావడానికే పావు సెకను పోతుంది. కింద తిరిగేవి చాలా నయం, కేబుల్ పోని దీవికి, ఓడకి, కొండకి అవి వరమే. కానీ శాటిలైట్ నుంచి కిందికి దిగిన కబురు ఎక్కడికి పోతుందమ్మా? భూమి మీది స్టేషన్‌కి. ఆ స్టేషన్‌కి వెనక నుంచి ఏమొస్తుంది? ఆఁ, కేబుల్! నువ్వే చెప్పావు.

ఇంకో ప్రశ్న, ఫోన్ చార్జింగ్ అవుతోంది కానీ ఫోటోలు కంప్యూటర్‌కి ఎక్కట్లేదు ఎందుకని. బాబూ, కేబుల్ మార్చు. టైప్-సి మొన 2014లో వచ్చింది, అందులో 24 పిన్నులున్నాయి. అన్నిటికీ లోపల తీగలుంటాయని నియమం లేదు. కొన్ని చౌక కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలే ఉండవు. ఇంకొన్ని 60 వాట్లు ఇస్తాయి, మొనలో చిన్న చిప్పు ఉన్న మంచివి 240 దాకా. బయటికి అన్నీ ఒక్కలాగే కనబడతాయి. నన్నడిగితే ఇది కేబుళ్ల చరిత్రలోనే పెద్ద అన్యాయం. మూడు రకాల పనిమనుషులకు ఒకే యూనిఫాం వేసి పేర్లు రాయడం మర్చిపోయారు. నేనైతే ఇంట్లో ప్రతిదానికీ రంగు టేపు చుట్టుకున్నాను. మొన దగ్గర మడవకండి, అక్కడే తెగుతుంది. మెత్తటి వైరు గట్టి మొనలోకి దూరే చోట వంపంతా ఒక్క బిందువు మీద పడుతుంది. మోచేతికి చుట్టి దాచకండి, పురి ఎక్కుతుంది.

టైమైపోయిందంటున్నారు. ఆ సైకిల్ వైరు ఎవరి దగ్గరుందో పక్కవాళ్లకి ఇచ్చుకుంటూ ముందుకు పంపండి. గాజుపోగు ముక్క ఇదిగో నా దగ్గరుంది, చూడాలనుకున్నవాళ్లు బల్ల దగ్గరికి రండి. చూడండి, కొస మాత్రం ముట్టుకోకండి. విరిగి వేలిలో దిగితే కంటికి కనబడదు, తీయడానికి నాకు ఒకసారి మూడు రోజులు పట్టింది.